టైగర్ మాస్క్, డైనమైట్ కిడ్: ఈసారి పడేవాణ్ని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఇప్పటి జపాన్ ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో జూనియర్ హెవీవెయిట్ మ్యాచ్‌లు, అంటే తక్కువ బరువు మల్లుల విభాగం, మీరు క్రమం తప్పకుండా చూస్తారు. ఈ విభాగానికి పునాది టైగర్ మాస్క్, డైనమైట్ కిడ్‌ల వైరమేనని ఎక్కడ చదివినా కనిపించడంతో 1981 నాటి మొదటి మ్యాచ్ వెతికి చూశారు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. గెంతులు బాగానే ఉన్నాయి కానీ ఇప్పటివాళ్లు అంతకు పదింతలు చేస్తున్నారు కదా, ఇందులో అంత గొప్పేముంది అన్నారు. గెలుపోటములు ముందే నిర్ణయించుకునే ఆటలో వైరం అనే మాటకు అర్థమేమిటని కూడా అడిగారు. ఏ మ్యాచ్‌లు, ఏ వరుసలో చూడాలన్నది మూడో ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, గొప్పతనం ఉంది. మీరు దాన్ని ఇద్దరిలో ఒకరి దగ్గరే వెతికారు. మీ చూపు పులి ముసుగు వెంట పోయింది. పోవాలనే ఆ మ్యాచ్‌ను అలా నడిపారు. రెండోసారి చూసేటప్పుడు ముసుగు మనిషిని వదిలేసి డైనమైట్ కిడ్‌ను మాత్రమే చూడండి. ఎక్కడ నిలబడ్డాడు, పరుగు ఎప్పుడు అందుకున్నాడు, దెబ్బ తగిలాక ఎంత వేగంగా నేలకు చేరాడు, ఎంత నిదానంగా లేచాడు. ఆ తొమ్మిదిన్నర నిమిషాల్లో టైగర్ మాస్క్ అనే పాత్రకు ప్రాణం పోసింది సగానికి పైగా అతనేనని నా అభిప్రాయం.

ఇది ఒట్టి అభిమానంతో చెబుతున్న మాట కాదు. ఉత్తర ఇంగ్లండ్‌లో స్థిరపడ్డాక, వారాంతాల్లో క్లబ్బు హాళ్లలో జరిగే చిన్న రెజ్లింగ్ ప్రదర్శనలకు రిఫరీగా చేస్తూ వస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు పడటం నేర్పే తరగతుల్లోనూ సాయపడతాను. రిఫరీ అంటే నేల మీద చరిచి మూడు లెక్కపెట్టేవాడు అనుకుంటారు. సమయం ఎంత మిగిలిందో ఇద్దరికీ చేరవేయడం, పడ్డవాడి చెయ్యి నొక్కి స్పృహలో ఉన్నాడో లేదో తెలుసుకోవడం, ఎవరిలో ఎంత ఊపిరి మిగిలిందో కనిపెట్టడం, మా పనిలో ఎక్కువ భాగం ఇదే. అందుకే ఎగిరేవాడికంటే ముందు పడేవాడి మీదే నా కన్ను పడుతుంది.

ఇక ఆ ఇద్దరి సంగతి.

టైగర్ మాస్క్ ముసుగు వెనకున్న సతోరు సయామా 1957లో జపాన్‌లోని షిమొనోసెకిలో పుట్టాడు. 1975లో న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్‌లో చేరాడు. ఆంటోనియో ఇనోకి నడిపిన ఆ సంస్థలో పొట్టివాళ్లకు పెద్ద భవిష్యత్తు ఉండేది కాదు. సయామా ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలే. అతని మనసు కూడా తన్నులు, గుద్దులు నిజంగా తగిలే పోరాటాల మీదే ఉండేది. 1977లో మార్క్ కాస్టెల్లో అనే అమెరికన్ కిక్‌బాక్సర్‌తో తలపడి పాయింట్ల మీద ఓడిపోయాడు కూడా. 1978లో సంస్థ అతన్ని మెక్సికోకు పంపింది. అక్కడి ముసుగు మల్లుల మధ్య గాలిలో తిరగడం నేర్చుకున్నాడు. 1980లో ఇంగ్లండ్ వచ్చి, బ్రూస్ లీని గుర్తుచేసేలా సామీ లీ అనే పేరుతో ఇక్కడి హాళ్లను ఊపేశాడు. నాటి సామీ లీని కళ్లారా చూసిన పెద్దవాళ్లు మా ప్రదర్శనలకు ఇప్పటికీ వస్తుంటారు. ఆ పేరెత్తితే చాలు, కూర్చున్నచోటే కాలు ఎలా విసిరేవాడో చూపించబోతారు.

థామస్ బిల్లింగ్టన్ 1958లో లాంకషైర్‌లోని గోల్బోర్న్‌లో పుట్టాడు. బొగ్గుగనుల ఊరు. టెడ్ బెట్లీ అనే గురువు దగ్గర నేర్చుకుని, 1975 చివర్లో, పదిహేడేళ్ల వయసులో, డైనమైట్ కిడ్ పేరుతో బరిలోకి దిగాడు. 1977లో బ్రిటిష్ లైట్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడు కెనడాలోని కాల్గరీకి, స్టూ హార్ట్ నడిపిన స్టాంపీడ్ రెజ్లింగ్‌కు వెళ్లాడు. 1979 నుంచి జపాన్ రాకపోకలు మొదలయ్యాయి. మనలో చాలామందికి తొంభైల నాటి ట్రంప్ కార్డుల్లోనూ, కేబుల్ టీవీలోనూ బ్రిటిష్ బుల్‌డాగ్ అని గుర్తున్న డేవీ బాయ్ స్మిత్ ఇతనికి దగ్గరి బంధువే, వయసులో చిన్నవాడు; తర్వాత ఇద్దరూ జోడీగా ఆడారు. ఆ జోడీలో అసలు పనిమంతుడు ఇతను.

ఇద్దరికీ ఉమ్మడి భాష అంటూ దాదాపు లేదు. ఉమ్మడి చదువు మాత్రం ఉంది. సయామా జపాన్‌లో కార్ల్ గాచ్ అనే మల్లగురువు పద్ధతిలో పట్లు నేర్చాడు. గాచ్ స్వయంగా లాంకషైర్‌లోని విగన్‌లో, స్నేక్ పిట్ అనే పేరుమోసిన వ్యాయామశాలలో సాధన చేసినవాడు. గోల్బోర్న్ నుంచి విగన్ కూతవేటు దూరం. అంటే రెండు ఖండాల నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ల చేతుల్లో ఉన్నది ఒకే ఊరి పట్లు. మణికట్టు తిప్పితే అవతలివాడు ఎటు దొర్లి విడిపించుకుంటాడో ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకోకుండా మ్యాచ్ నడపడానికి అంతకుమించి కావలసింది లేదు.

ఆ మొదటి రాత్రి సంగతి

1981 ఏప్రిల్ 23, టోక్యోలోని కురమాయే కొకుగికన్. అది సుమో పోటీల కోసం కట్టిన మండపం. అదే నెలలో టైగర్ మాస్క్ కార్టూన్ కొత్త ధారావాహిక టీవీలో మొదలైంది. ఆ కథ మూలం 1968లో మొదలైన ప్రసిద్ధ కామిక్. కార్టూన్‌కు ప్రచారంగా అసలు బరిలోకి ఒక టైగర్ మాస్క్‌ను దింపాలని సంస్థ అనుకుంది. ఇంగ్లండ్‌లో హాయిగా పేరు తెచ్చుకుంటున్న సయామాను వెనక్కి రప్పించింది. హడావిడిగా కుట్టించిన ముసుగు ఇచ్చారు. పాత వీడియోలో చూడండి, పిల్లల వేషధారణ పోటీకి తెచ్చినట్టుగా ఉంటుంది.

హాలు నిండా ఉన్నది ఇనోకి నెత్తురోడే పోరాటాలు చూసేందుకు డబ్బిచ్చి వచ్చిన పెద్దవాళ్లు. కార్టూన్ బొమ్మ నడుచుకుంటూ వస్తుంటే వాళ్లు నవ్వారు. అది సహజం. అలాంటి రాత్రి ఎదురుగా నిలబడ్డవాడు కాస్త బద్ధకించినా, ఈ బొమ్మతో నాకేమిటన్నట్టు చూసినా కథ అక్కడే ముగిసిపోయేది. డైనమైట్‌కు అప్పటికే జపాన్‌లో పేరుంది. జూనియర్ విభాగానికి తొలి వెలుగు తెచ్చిన తత్సుమి ఫుజినామితో తలపడ్డ మనిషి. ఇరవై రెండేళ్ల పొగరు. ముసుగువాడి చేతిలో ఓడటానికి అతనికి ప్రత్యేకమైన కారణమేదీ లేదు.

అయినా ఏం చేశాడో గమనించండి. మొదటి నిమిషం నుంచే ఆ ముసుగును ప్రమాదకరమైన మనిషిగా చూశాడు. సయామా చిందులేస్తున్నట్టుగా పాదాలు కదుపుతుంటే దగ్గరికి పోకుండా దూరం కొలుచుకున్నాడు. ఒక తన్ను గాలిలో పోతే, నిజంగా తగిలి ఉంటే ఏమయ్యేదో అన్నట్టు వెనక్కి తగ్గాడు. హాల్లో నవ్వు ఆగింది అక్కడే. ప్రేక్షకుడు ముసుగును చూసి భయపడడు. ముసుగును చూసి భయపడ్డ మొండివాణ్ని చూసి నమ్ముతాడు. 9 నిమిషాల 29 సెకన్లకు, వెనకనుంచి నడుము పట్టి విల్లులా వెనక్కి వంగి పడేసే జర్మన్ సుప్లెక్స్‌తో టైగర్ మాస్క్ గెలిచేసరికి హాలంతా అతనిది అయిపోయింది.

మన ఊళ్లలో వాలీబాల్ ఆడినవాళ్లకు ఇది తెలిసిన విషయమే. చప్పట్లన్నీ స్మాష్ కొట్టినవాడికి, బంతిని సరిగ్గా అక్కడికి లేపినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. డైనమైట్ ప్రత్యేకత ఏమిటంటే, బంతి లేపే పనినే స్మాష్ అంత కంటికింపుగా చేశాడు.

పడటం అనే విద్య

కొత్తవాళ్లకు మేము మొదట నేర్పేది వెల్లకిలా పడటం. గడ్డం ఛాతీకి ఆన్చాలి, లేకపోతే తల వెనక భాగం నేలకు కొట్టుకుంటుంది. తగిలే క్షణంలో ఊపిరి వదిలేయాలి. చేతులు ఒంటికి కాస్త దూరంగా, అరచేతులు నేలవైపు, ఒక్కసారిగా చరచాలి. బరువంతా వీపు పైభాగం మీద, భుజాల మధ్య పరుచుకోవాలి. నడుము మీదా తోక ఎముక మీదా పడకూడదు. ఇది రావడానికే నెలలు పడుతుంది. వచ్చాక కూడా నొప్పి ఉంటుంది. రింగు అంటే ఇనుప చట్రం, దాని మీద చెక్క పలకలు, వాటి మీద పల్చటి మెత్త, పైన గుడ్డ. అంతకుమించి ఏమీ లేదు.

మామూలు మల్లుడు దెబ్బ తగిలాక పడతాడు. డైనమైట్ దెబ్బతో పాటే పడతాడు, ఆ రెంటి మధ్య సందు కనిపించదు. సయామా గాలిలో గుండ్రంగా తిరిగి కాలితో తన్నే ఘడియకు డైనమైట్ శరీరం అప్పటికే తిరగడం మొదలుపెట్టి ఉంటుంది. అందుకే ఆ తన్ను తుపాకీ పేలినట్టు అనిపిస్తుంది. వీడియోను నెమ్మదిగా నడిపి చూడండి, సగం వేగం తన్నేవాడిది, సగం పడేవాడిది.

తాళ్లకేసి విసిరినప్పుడు కూడా ఇదే. మనిషిని చెయ్యి పట్టి విసిరితే అంత దూరం పరుగెత్తడన్నది అందరికీ తెలిసిన రహస్యమే. విసిరించుకున్నవాడు తనంతట తాను పరుగెత్తాలి. చాలామంది మూడు అడుగులు నడిచినట్టు పోయి తాళ్లను తాకి వస్తారు. డైనమైట్ అక్కడినుంచి తప్పించుకోవాలన్నంత వేగంతో పోయి, తాళ్లను పూర్తి బరువుతో గుద్దుకుని, రెట్టింపు వేగంతో తిరిగొస్తాడు. ఎదురుగా ఉన్నవాడికి గత్యంతరం ఉండదు, అదే వేగంలో స్పందించాలి. జూనియర్ మ్యాచ్ అంటే వేగం అనే లెక్క ఇక్కడ స్థిరపడింది.

మరోవైపు, ఇతను వేసే పట్లలో వేడుక లేదు. స్నాప్ సుప్లెక్స్ చూడండి. అవతలివాడి తలను చంకలో ఇరికించి, ఎత్తి నిలబెట్టి చూపించకుండా, ఒక్క ఊపులో వెనక్కి విసిరేస్తాడు. రెప్పపాటులో ముగుస్తుంది. సయామా విన్యాసాలు గుండ్రంగా, తేలికగా ఉంటే ఇతనివి కోసుగా, కురచగా ఉంటాయి. ఈ తేడా లేకపోతే సయామా గాలిలో తిరగడం ఒట్టి సర్కస్ అయ్యేది. ఇప్పటి మ్యాచ్‌లతో నా పేచీ ఇక్కడే: ఇద్దరూ ఎగురుతారు. ఒకడు ఎగిరి రెండోవాడు ఎగరనివ్వకపోతేనే కదా ఎగరడానికి విలువ!

సయామాను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. బయటికి దూకబోతున్నట్టు పరుగెత్తి, ఆఖరి క్షణంలో తాళ్లు పట్టుకుని వాటి మధ్యనుంచి ఊగి తిరిగి లోపలికే వచ్చే ఎత్తు అతనిదే. రే మిస్టీరియో తర్వాతి కాలంలో ప్రపంచానికంతా పరిచయం చేసిన తన్నుకు మూలం అదే. తన్నుల్లో నిజమైన పదును ఉండేది, ఎందుకంటే అతనికి నిజంగానే తన్నడం వచ్చు. జపాన్ టీవీలో వ్యాఖ్యాతలు అతని విన్యాసాలు నాలుగో పరిమాణం నుంచి ఊడిపడ్డవని పొగిడేవారు. అతిశయోక్తే అయినా, 1981లో శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలకు టీవీ ముందు కూర్చున్న పదేళ్ల పిల్లవాడికి అది అతిశయోక్తిగా అనిపించి ఉండదు. ఆ పిల్లల్లోంచే తర్వాతి తరం జూనియర్లు వచ్చారు.

ముందే నిర్ణయించిన ఆటలో వైరం ఏమిటి?

ఎవరు గెలవాలన్నది ముందే తేలిపోతుంది. ఎవరు గుర్తుండిపోవాలన్నది తేలదు. ఇద్దరు మల్లుల మధ్య నిజమైన పోటీ అక్కడ జరుగుతుంది, రిఫరీగా దాన్ని నేను చాలా దగ్గరనుంచి చూస్తుంటాను. ఒకడు కాస్త గట్టిగా కొడతాడు. రెండోవాడు ఏమీ అనడు, తన వంతు వచ్చినప్పుడు ఇంకాస్త గట్టిగా ఇస్తాడు. ముందు అనుకున్న వేగాన్ని ఒకడు పెంచుతాడు, అందుకోగలవా అని అడుగుతున్నట్టు. మధ్యలో నిలబడ్డ నాకు ఆ ప్రశ్న స్పష్టంగా వినిపిస్తుంది.

ఈ ఇద్దరి మ్యాచ్‌లు వరుసగా చూస్తే ఆ పెరుగుదల కనిపిస్తుంది. 1981లో డైనమైట్ ముసుగును గౌరవిస్తాడు. 1982కు వచ్చేసరికి దాన్ని చీల్చాలన్నంత కసి చూపిస్తాడు. సయామా కూడా అందంగా ఆడటం తగ్గించి కాళ్లతో గట్టిగా కొట్టడం మొదలుపెడతాడు. 1983 నాటికి మ్యాచ్ బరి దాటి బయటి నేల మీదికి పాకింది.

టైటిళ్ల చరిత్రలో ఒక చేదు ముక్క ఉంది. 1982 జనవరి 1న కొరాకుయెన్ హాల్లో డైనమైట్‌ను ఓడించి టైగర్ మాస్క్ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (అమెరికా సంస్థ, నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) జూనియర్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. ఫుజినామి పెద్ద బరువు విభాగానికి వెళ్లిపోవడంతో ఖాళీ అయిన బెల్టు అది. గాయాల వల్ల వదులుకోవడం, మళ్లీ గెలవడం జరిగాయి కానీ టైగర్ మాస్క్ ఉన్నంతకాలం డైనమైట్‌కు ఆ బెల్టు దక్కలేదు. 1983 ఆగస్టులో సయామా ఉన్నట్టుండి న్యూ జపాన్ వదిలి వెళ్లిపోయాడు. 1984 ఫిబ్రవరి 7న ది కోబ్రా అనే మరో ముసుగు మల్లుణ్ని ఓడించి డైనమైట్ ఆ బెల్టు అందుకున్నాడు. ఎవరి దగ్గర గెలవాలో అతను అప్పటికే అక్కడ లేడు.

ఏ వరుసలో చూడాలి

1981 ఏప్రిల్ 23 మ్యాచ్ మీరు చూసేశారు. పైన చెప్పినట్టు డైనమైట్ మీదే దృష్టి పెట్టి మరోసారి చూడండి. వీలైతే శబ్దం పెంచి, హాల్లో అరుపులు ఎప్పుడు మారాయో వినండి.

తర్వాత 1982 జనవరి 1 టైటిల్ మ్యాచ్. ఆ పైన 1982 ఆగస్టు 5, మళ్లీ కురమాయే. ఒకే ఒక్కటి చూసే ఓపిక ఉంటే ఇదే చూడమంటాను. ఇద్దరికీ ఒకరి వేగం ఒకరికి ఒంటబట్టింది, శరీరాలు ఇంకా పూర్తిగా అరగలేదు. పట్లకు, పరుగులకు మధ్య తూకం కుదిరింది ఇందులోనే.

అదే నెల 30న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన మ్యాచ్ చిన్నదే కానీ వేరే కారణంతో చూడాలి. అక్కడి ప్రేక్షకులు భారీకాయులకు, నిదానమైన పోరాటాలకు అలవాటుపడ్డవాళ్లు. వీళ్లెవరో కూడా వారిలో చాలామందికి తెలియదు. ముందు గుసగుసలు, తర్వాత నవ్వులు, ఆ తర్వాత అరుపులు. నిమిషాల్లో జరిగిన మార్పు.

చివరగా 1983 ఏప్రిల్ 21, కురమాయే. అమెరికన్ రెజ్లింగ్ పాత్రికేయుడు డేవ్ మెల్ట్జర్ అయిదు నక్షత్రాలు ఇచ్చిన మ్యాచ్ కాబట్టి అందరూ ముందు దీన్నే చూడమంటారు. నేను చివర్లో చూడమంటాను. పొడిగించి ఆడించినా విజేత తేలలేదు. ముందరి మ్యాచ్‌లు చూడకుండా దీన్ని చూస్తే అసంపూర్తిగా, చిందరవందరగా అనిపిస్తుంది. చూసినవాళ్లకు మాత్రం ఇద్దరూ ఆటను కట్టడం మానేసి ఒకరినొకరు పడగొట్టడానికే చూస్తున్నారన్న భావన కలుగుతుంది.

ఒప్పుకోవలసిన లోపాలు

ఈ మ్యాచ్‌లకు వంకలు పెట్టవచ్చు, మీ అసంతృప్తి అకారణం కాదు. మొదట్లో కాలు మీదో చేతి మీదో పట్టు వేసి చాలాసేపు నలుపుతారు, తర్వాత ఆ కాలితోనే ఏమీ కానట్టు ఎగురుతారు. ఇప్పటి మంచి మ్యాచ్‌లో అలా కుదరదు. నలిగిన కాలు చివరిదాకా కుంటాలి. సయామా కొన్నిసార్లు ఎదుటివాడు కోలుకున్నాడా లేదా అని చూడకుండా తన విన్యాసం వైపు పరుగెడతాడు. ముగింపులు కొన్ని హఠాత్తుగా ఉంటాయి. టీవీ సమయం కూడా దానికి ఒక కారణం.

ఇంకో మాట. కసి, పగ అన్న అర్థంలో వైరం కావాలంటే చాలామంది జపాన్ అభిమానులు డైనమైట్ పేరు చెప్పరు, కునియాకి కొబయాషి పేరు చెబుతారు. పులిని వేటాడేవాడని అతనికి బిరుదు. ముసుగు చించడమే పనిగా పెట్టుకున్నవాడు, కథగా చూస్తే అతనిదే చిక్కగా ఉంటుంది. కేవలం మల్లవిద్యగా చూస్తే డైనమైట్ తర్వాతే ఎవరైనా.

ఖర్చు ఎవరు కట్టారు

ఇది రాయకుండా జవాబు ముగించలేను. పైన మెచ్చుకున్న ఆ పడటాలన్నిటికీ డైనమైట్ తన వెన్నెముకతో బాకీ తీర్చాడు. తన ఒడ్డూ పొడుగూ చాలవని స్టెరాయిడ్లు వాడాడు, ఆ సంగతి ఆత్మకథలో దాచుకోలేదు. 1986 ఏప్రిల్‌లో డేవీ బాయ్ స్మిత్‌తో కలిసి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ట్యాగ్ (జోడీల) టైటిల్ గెలిచాడు. అదే డిసెంబరులో కెనడాలోని హామిల్టన్‌లో మ్యాచ్ మధ్యలో వెన్ను దెబ్బతింది, శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. మరుసటి జనవరిలో బెల్టులు వదులుకునే మ్యాచ్ కోసం బరిదాకా వచ్చేందుకు డేవీ బాయ్ ఆసరా కావలసివచ్చింది. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఆడాడు. 1991 డిసెంబరులో జపాన్‌లోనే విరమణ ప్రకటించాడు.

1996 అక్టోబరు 10న టోక్యో రయోగోకు కొకుగికన్‌లో ఆరుగురి మ్యాచ్‌లో అతనూ సయామా చెరోపక్కా చివరిసారి నిలబడ్డారు. ఆ వీడియో దొరుకుతుంది. చూడాలా వద్దా అన్నది మీ ఇష్టం. చిక్కి శల్యమైన మనిషి, వంటిమీద దుస్తులు వేలాడుతుంటాయి. కొద్దికాలానికే చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు. 2018 డిసెంబరు 5న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున చనిపోయాడు.

బరి బయట అతను మంచివాడని చెప్పను. సహచరులను క్రూరమైన పరిహాసాలతో ఏడిపించేవాడని అతనితో పనిచేసినవాళ్లు చాలామంది చెప్పారు. నైపుణ్యాన్ని మెచ్చుకోవడానికి మనిషిని కడిగి శుభ్రం చేయనక్కరలేదు.

తరగతుల్లో ఈ మ్యాచ్‌లు చూపించినప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, పైతాడు మీదనుంచి దూకి తలతో గుద్దే ఆ డైవింగ్ హెడ్‌బట్ నేర్పుతారా అని. నేర్పను. దూకినవాడి మెడకూ మెదడుకూ తగిలే అదురు చిన్నది కాదు. డైనమైట్‌ను దేవుడిలా చూసి, ఆ దూకుడుతో సహా అతని శైలిని అచ్చంగా దించిన కెనడా మల్లుడు క్రిస్ బెన్వా మెదడును మరణానంతరం పరీక్షించిన వైద్యులు పదేపదే తగిలిన దెబ్బల వల్ల తీవ్రంగా దెబ్బతిన్నదని చెప్పారు. వేగం నేర్చుకోండి, సమయం నేర్చుకోండి, ఎదుటివాణ్ని గొప్పవాడిగా చూపించడం నేర్చుకోండి, తలను మాత్రం వదిలేయండి అంటాను. కొందరు వింటారు, కొందరు ఇంకో చోట నేర్చుకుంటారు.

సయామా దారి వేరేలా సాగింది. ముసుగు తీసేసి, నిజమైన పోరాటం ఎలా ఉండాలన్న తన పాత కలను పట్టుకుని షూటో అనే క్రీడను స్థాపించాడు. ఇప్పటి మిశ్రమ యుద్ధ క్రీడలకు జపాన్‌లో బీజం వేసినవాటిలో అది ఒకటి. గాలిలో బొమ్మలా తిరిగినవాడు ఆటలో నటన వద్దనే దారి పట్టాడు. 1983లో ఎందుకు వెళ్లిపోయాడని నన్నడిగితే, సంస్థతో ఉన్న గొడవలు ఎలాగూ ఉన్నాయి కానీ, ఆ ముసుగు అతనికి ఎప్పుడూ కాస్త బిగుతుగానే ఉండి ఉంటుందని అనుకుంటాను. అతను వెళ్లినా ముసుగు ఆగలేదు. మరుసటి ఏడే మిత్సుహారు మిసావా వేరే సంస్థలో రెండో టైగర్ మాస్క్ అయ్యాడు.

ఇవన్నీ చూశాక కూడా పాతవి మీకు రుచించకపోతే, న్యూ జపాన్‌లో తర్వాతి తరం జూనియర్లయిన జుషిన్ లైగర్, నవోకి సానోల మ్యాచ్‌లకు వెళ్లండి. 1989 ఆగస్టులో సానో లైగర్ దగ్గర ఐడబ్ల్యూజీపీ (న్యూ జపాన్ సొంత టైటిల్) జూనియర్ బెల్టు గెలుచుకున్నాడు. 1990 జనవరి 31న ఒసాకాలో లైగర్ దాన్ని తిరిగి తెచ్చుకున్నాడు. ముసుగు చిరిగి, నెత్తురు కారి, మొదటి నిమిషంలో తగిలిన దెబ్బ చివరిదాకా లెక్కలో ఉండే మ్యాచ్ అది. ఒక్క మ్యాచ్‌గా తీసుకుంటే టైగర్ మాస్క్, డైనమైట్‌లు ఆడిన దేనికంటేనైనా అదే మెరుగని నా లెక్క. మీరు ఇప్పుడు చూస్తున్న ఆటకు కూడా దగ్గరగా ఉంటుంది. అది చూశాక ఆగస్టు 5 మ్యాచ్‌కు తిరిగి వస్తే, లైగర్ ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడో మీరే ఒక్కొక్కటిగా గుర్తుపడతారు. గుర్తుపట్టినవి ఇక్కడ రాయండి, నేను చూడనివేమైనా ఉంటే నాకూ పనికొస్తాయి.